పేజీకొక ప్రశ్న: మహాచిత్రకారులను చదివే మిక్స్‌డ్ మీడియా జర్నల్

1656, 1661 సంవత్సరాల మధ్య ఆమ్‌స్టర్‌డామ్‌లో డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ మొగలు సూక్ష్మచిత్రాలను ముందు పెట్టుకుని ఇరవైకి పైగా ప్రతులు గీశాడు. అప్పటికి ఆయనకు యాభై ఏళ్ళు నిండాయి, గొప్ప చిత్రకారుడన్న పేరు ఎప్పుడో వచ్చింది, ఒకరి బొమ్మ చూసి నేర్చుకోవలసిన అవసరం లోకం దృష్టిలో ఏమీ లేదు. అయినా కూర్చుని గీశాడు. మొగలు చిత్రాలకు ప్రాణమైన మెరిసే రంగుల జోలికి మాత్రం ఆయన పెద్దగా పోలేదు. గోధుమరంగు సిరా, పలుచని వాష్ (నీళ్ళు కలిపి కుంచెతో పరిచే పూత), ఆసియా నుంచి ఓడల్లో వచ్చిన నునుపైన కాగితం, దాదాపు ఇంతే ఆయన సరంజామా. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఒక ప్రతిలో చెట్టు కింద నలుగురు పెద్దలు కూర్చుని ఉంటారు. నేల మీద కూర్చున్న మనిషి బరువు ఎక్కడ ఆనుతుంది, ఒకరు మాట్లాడుతుంటే మిగిలినవారి తలలు ఎటు వాలతాయి అన్న రెండు సంగతుల మీదే ఆయన చూపంతా నిలిచిందని ఆ బొమ్మ చూసిన ప్రతిసారీ నాకనిపిస్తుంది.

ఈ వ్యాసంలో చెప్పబోయే పద్ధతికి ఆ ప్రతులే ఆధారం. ఒక మహాచిత్రం నుంచి ఒక్క ప్రశ్నను విడదీసి, దానికి తగిన సామగ్రిని ఎంచుకుని, ఒక పేజీలో జవాబు వెతకాలి. తైలవర్ణ చిత్రాన్ని తైలవర్ణాలతోనే నకలు తీయబోతే వెలుగునీడలు, రంగు, గీత, అంచు, నిర్మాణం అన్నీ ఒక్కసారిగా మీద పడతాయి, ఏది ఎందుకు కుదరలేదో తెలియకుండానే పేజీ పాడవుతుంది. అదే చిత్రాన్ని ఒక రోజు ఒకే సిరాతో వాష్‌గా, ఇంకో రోజు చింపిన కాగితాలతో కొలాజ్‌గా, మరో రోజు రెల్లు కలంతో గీతలుగా చేస్తే, చేతిలోని వస్తువే మిగిలిన ప్రశ్నలన్నిటినీ పక్కకు నెట్టి ఒక్కదాన్ని మన ముందు నిలబెడుతుంది. మిక్స్‌డ్ మీడియా అంటే నాలుగు రకాల సామగ్రిని ఒకే పేజీ మీద గుమ్మరించడం అనే అభిప్రాయం చాలామందిలో ఉంది కనుక ఈ మాట ముందుగా చెప్పవలసి వచ్చింది.

ఇరవై నాలుగు పేజీల పుస్తకానికి ముగ్గురు, మహా అయితే నలుగురు చిత్రకారులు చాలు. పేజీకొకరిని మార్చుకుంటూ పోతే పుస్తకం అందంగానే తయారవుతుంది గాని, ఎవరి దగ్గరా ఏమీ నేర్చుకున్నట్టు ఉండదు.

పుస్తకం, సామగ్రి

పుస్తకం ఏ4 పరిమాణంలో ఉంటే మంచిది. అధ్యయనం చిన్నదే అయినా, దాని పక్కన రంగుల నమూనాలకూ రాతకూ చోటు కావాలి. కాగితం 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) నీటిరంగుల కాగితమైతే ఏ పనికైనా తట్టుకుంటుంది. అది ఖరీదనుకుంటే 200 జీఎస్‌ఎం కార్ట్రిడ్జ్ కాగితం తీసుకుని, తడి పని చేయవలసిన చోట రెండు పేజీలను కలిపి అతికించుకోవచ్చు. స్పైరల్ బైండింగ్ చూడటానికి అంత బాగుండకపోయినా ఈ పనికి అదే అనుకూలం, ఎందుకంటే కాగితాలు అతికించే కొద్దీ పుస్తకం ఉబ్బుతుంది. కుట్టిన పుస్తకమే కావాలనుకునేవారు మొదలుపెట్టే ముందే ప్రతి నాలుగో ఆకును రెండు సెంటీమీటర్ల అంచు మాత్రం వదిలి కత్తిరించేయాలి. అలా ఖాళీ చేసిన చోటులోకే రేపటి కొలాజ్ మందం సర్దుకుంటుంది.

రంగుల్లో బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ), అల్ట్రామెరైన్ (నీలం), యెల్లో ఆకర్ (మట్టి పసుపు), ఒక ఎరుపు, ఒక లేత పసుపు నీటిరంగుల్లో ఉండాలి. ఇవికాక ఒక తెల్ల పోస్టర్ కలరు, ఒక తెల్ల యాక్రిలిక్, నీటికి కరగని నల్ల సిరా, 4బి పెన్సిలు, రెండు బొగ్గు పుల్లలు, 10వ నంబరు గుండ్రటి కుంచె, ఒక అంగుళం బల్లపరుపు కుంచె సమకూర్చుకుంటే ఆరు నెలల వరకూ దుకాణానికి పోనక్కరలేదు. కొలాజ్ కాగితాల కోసం అయితే అసలే పోవద్దు. స్కూలు పుస్తకాలకు అట్టలు వేసే బ్రౌన్ పేపరు, పాత దినపత్రికలు, చీరల పెట్టెల్లో మడతల మధ్య పెట్టే పలుచని కాగితం, నిరుటి క్యాలెండరు, ఇంట్లో పేరుకుపోయిన శుభలేఖలు, ఇవన్నీ ఒక అట్టపెట్టెలో రంగుల వారీగా వేసుకోండి. శుభలేఖల్లో ఉండే పసుపు, కుంకుమ రంగుల మందపాటి కాగితానికి సాటి వచ్చేది ఏ ఆర్టు దుకాణంలోనూ నాకు దొరకలేదు.

కాగితానికి ముందుగా పూసే తెల్ల అడుగుపూత జెస్సో కొనలేనివారు తెల్ల యాక్రిలిక్‌లో మెత్తని సుద్దపొడి కొద్దిగా కలిపి పూసుకోవచ్చు. బొగ్గు గాని, పెన్సిలు గాని పట్టుకోవడానికి కావలసిన గరుకుదనం ఆ సుద్ద వల్లే వస్తుంది. అతికించడానికి రెండు పాళ్ళు ఫెవికాల్‌కు ఒక పాలు నీరు కలిపి, ముక్క వెనుక మధ్య నుంచి అంచులకు పూసి, పేజీ మీద ఉంచి, పైన బటర్ పేపరు వేసి చెంచా వీపుతో రుద్దాలి. ఆ తరవాత రాత్రంతా బరువు కింద ఉంచాలి. మా ఇంట్లో బరువుగల నిఘంటువు ఒకటుంది, ఈ మధ్య అది ఎక్కువగా ఈ పనికే ఉపయోగపడుతోంది.

పొరల క్రమం ఒక్కటి గుర్తుంటే చాలా కాగితం మిగులుతుంది. పలుచనివి ముందు, చిక్కనివి తరవాత, జిడ్డువి చివర. నీటిరంగు మీద యాక్రిలిక్ చక్కగా నిలుస్తుంది. యాక్రిలిక్ మీద నీటిరంగు వేస్తే తామరాకు మీద నీటిలా బొట్లు కట్టి జారిపోతుంది. ఆయిల్ పాస్టెల్ మీద ఏ నీటిరంగూ అంటదు, జెల్ పెన్ను కూడా రెండు అక్షరాలు రాసి మూసుకుపోతుంది. మూలచిత్రం ప్రతిని అతికించదలిస్తే ఇంక్‌జెట్ ప్రింటు వద్దు, జిగురు తడి తగలగానే దాని రంగు కరిగి పారుతుంది. లేజర్ ప్రింటు గాని, రంగు జిరాక్సు గాని తీయించుకోండి. ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియం, 2017 నుంచి న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం తమ దగ్గరున్న పాత చిత్రాల పెద్ద ఛాయాచిత్రాలను ఉచితంగా ఇస్తున్నాయి కనుక మసక ప్రింట్లతో అవస్థ పడనవసరం లేదు.

పేజీ మొదలుపెట్టే తీరు

ఎడమ పేజీ చూపుకు, కుడి పేజీ చేతికి. ఎడమవైపు అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దదిగా మూలచిత్రం ప్రతి, దాని కింద రంగుల నమూనాలు, మిగిలిన చోట రాత ఉంటాయి. కుడివైపు అధ్యయనం ఒక్కటే ఉంటుంది.

కుంచె పట్టే ముందు పది నిమిషాలు చిత్రాన్ని చూసి, మూడు వాక్యాలు రాయాలి. చిత్రకారుడి జీవితం, చిత్రం విశేషం వంటివి ఇక్కడ అవసరం లేదు. కంటికి కనిపించేదే రాయండి. ‘ముఖం కన్నా భుజం దగ్గరే వెలుగు ఎక్కువగా ఉంది’ అన్నది పనికొచ్చే వాక్యం, ‘చిత్రంలో గొప్ప శాంతి ఉంది’ అన్నది ఈ పేజీకి పనికిరాదు. ఆ మూడు వాక్యాల కింద ఆనాటి ప్రశ్నను ఒక్క వరుసలో రాసి గీత కొట్టండి.

తరవాత కొలత. మూలచిత్రం నిష్పత్తి తప్పితే మిగిలినదంతా తప్పుతుంది. వాన్ గో ‘పడకగది’ చిత్రం ఆమ్‌స్టర్‌డామ్ ప్రతి 72.4 సెంటీమీటర్ల ఎత్తు, 91.3 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. వెడల్పును ఎత్తుతో భాగిస్తే 1.26 వస్తుంది. అందువల్ల మీరు 10 సెంటీమీటర్ల ఎత్తు తీసుకుంటే వెడల్పు 12.6 ఉండాలి. ఆ చట్రాన్ని మాస్కింగ్ టేపుతో కట్టుకోండి. టేపును ముందు చొక్కా మీద ఒకసారి అంటించి తీస్తే జిగురు కాస్త తగ్గి, చివర్లో పీకేటప్పుడు కాగితం పొర లేచిరాదు. చట్రం ఇంతకన్నా పెద్దది కాకుండా చూసుకోండి, పెద్దదైన కొద్దీ మనసు వివరాల మీదికి పోతుంది.

రెంబ్రాంట్ దగ్గర వెలుగునీడలు

1654 ప్రాంతంలో రెంబ్రాంట్ నిద్రపోతున్న ఒక యువతిని గీశాడు, అదీ బ్రిటిష్ మ్యూజియంలోనే ఉంది. దాదాపు మొత్తం కుంచెతో, గోధుమరంగు వాష్‌తో చేసిన బొమ్మ అది. చేతి మీద వాలిన తల, ఒంటిని చుట్టుకున్న వస్త్రం, కింద ముడుచుకున్న కాళ్ళు, అన్నీ లెక్కపెట్టగలిగినన్ని కుంచె వేటుల్లో వచ్చేస్తాయి. కొన్ని వేటులు తడిగా నిండుగా ఉంటే, కొన్ని కుంచెలో రంగు అయిపోవచ్చి కాగితం గరుకు మీద చీలికలుగా సాగాయి. మొదటి పాఠానికి ఇంతకన్నా మంచి చిత్రం నాకు తెలియదు.

ముందు ఎడమ పేజీలో ఐదు గళ్ళ పట్టీ చేసుకోవాలి. ఒక్కో గడి రెండు సెంటీమీటర్లు. మొదటి గడి కాగితం తెలుపు, దాన్ని ముట్టుకోకూడదు. రెండోది బర్న్ట్ అంబర్‌లో బాగా నీరు కలిపిన, పాలు పోయని పలుచని టీ వంటి రంగు. మూడోది నిండు టీ, నాలుగోది కాఫీ డికాక్షన్, ఐదోది గొట్టంలోంచి వచ్చిన రంగు దాదాపు అలాగే. ఒక గడి ఆరాకే పక్క గడి వేయాలి. ఆరితే నీటిరంగు కొంత తేలిపోతుంది కాబట్టి, అనుకున్నదానికన్నా కొంచెం ముదురుగా వేస్తేనే పట్టీ సరిగ్గా కుదురుతుంది. పట్టీ ఆరాక దాన్ని చిత్రం పక్కన పెట్టుకుని, కళ్ళు సగం మూసి, ఏ భాగం ఏ గడికి చెందుతుందో అంకెలు వేసుకోండి. ఫోన్‌లో చిత్రాన్ని నలుపు తెలుపుల్లోకి మార్చి చూసుకోవచ్చు గాని, మీ అంకెలు వేశాకే చూసుకోవాలి. ముందే చూస్తే కన్ను పని చేయడం మానేస్తుంది.

ఇప్పుడు పెన్సిలు లేకుండా, 10వ నంబరు కుంచెతో నేరుగా వేయాలి. మొదటిది తప్పకుండా చెడుతుంది. నాది మొదటిసారి అరవైకి పైగా వేటులు పట్టింది, బొమ్మ మాత్రం తడిసిన గోనెసంచిలా తయారైంది. రెండోసారి ఆ వేటులను సగానికి తగ్గించడమే లక్ష్యంగా పెట్టుకోండి. మూడోసారి ఇరవై ఐదుకు దించండి. వేటులు తగ్గే కొద్దీ ప్రతి వేటు ముందూ చేయి గాలిలో ఆగుతుంది. ఆ ఆగిన క్షణంలోనే, వెలుగును వేయడం మన చేతిలో లేదని, వదలడం మాత్రమే ఉందని తెలుస్తుంది. మూడు ప్రయత్నాలనూ ఒకే కుడి పేజీలో పక్కపక్కన ఉంచి, ఒక్కోదాని కింద వేటుల లెక్క రాయండి.

కాఫీ డికాక్షన్‌తోనే బొమ్మ వేస్తే సరిపోతుంది కదా అని కొందరంటారు. ఆరిన కొత్తలో రంగు ముచ్చటగానే ఉంటుంది, తరవాత వెలిసిపోతుంది, పంచదార కలిసి ఉంటే చీమలు పడతాయి.

తరవాతి పేజీ మీ సొంత విషయానికి వదలాలి, ప్రతి చిత్రకారుడి తరవాతా ఇలాగే. మధ్యాహ్నం వసారాలో చాప మీద కునుకు తీస్తున్న అమ్మమ్మను అవే ఐదు ఛాయలతో, ఇరవై ఐదు వేటుల్లో వేయడానికి ప్రయత్నించండి. ఆవిడ లేచేలోపు పూర్తి కావాలి కాబట్టి ఎక్కువ వేటులకు ఎలాగూ సమయం ఉండదు.

వాన్ గో దగ్గర గీత, రంగు

వాన్ గో జీవితమంతా ఇతరుల బొమ్మలు చూసి వేస్తూనే ఉన్నాడు. 1887లో పారిస్‌లో జపాన్ చిత్రకారుడు హిరోషిగె ముద్రాచిత్రాలు రెండింటిని తైలవర్ణాలలో వేశాడు. ‘పారిస్ ఇలుస్త్రే’ పత్రిక 1886 మే సంచిక అట్ట మీది ఐసెన్ అనే మరో జపాన్ చిత్రకారుడి బొమ్మను ట్రేసింగ్ కాగితం మీదికి ఎత్తి, గళ్ళు కొట్టి పెద్దది చేసుకున్నాడు, ఆ ట్రేసింగు ఇప్పటికీ ఆమ్‌స్టర్‌డామ్‌లోని వాన్ గో మ్యూజియంలో ఉంది. గళ్ళు కొట్టుకోవడం చేతకానితనమని సిగ్గుపడేవారు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు. తరవాత సాన్ రెమీ మానసిక చికిత్సాలయంలో ఉన్నప్పుడు ఫ్రెంచి చిత్రకారుడు మిలే చిత్రాల నలుపు తెలుపు ప్రతులను ముందు పెట్టుకుని, రంగులు తానే ఊహించుకుంటూ ఇరవై దాకా చిత్రాలు వేశాడు. మనకూ అది మంచి అభ్యాసమే. ఒక చిత్రాన్ని నలుపు తెలుపుల్లో జిరాక్సు తీయించి, అసలు రంగులు చూడకుండా మీ రంగులు వేసి, చివర్లో పోల్చుకోవచ్చు.

గీతకు 1888 జులైలో ఆయన మోన్‌మజూర్ కొండ మీద నుంచి లా క్రో మైదానాన్ని గీసిన పెద్ద బొమ్మను తీసుకోండి. పొలాలు, కంచెలు, దూరాన ఇళ్ళు అన్నీ చుక్కలు, అడ్డగీతలు, నిలువు గీతలు, వంకర గీతలతోనే తేలతాయి. ఆర్ల్‌లో దొరికే రెల్లుతో కలాలు చెక్కుకుని ఆయన ఈ బొమ్మలు గీశాడు. ఆ కలం మనమూ చెక్కుకోవచ్చు. పెన్సిలంత లావున్న ఎండు రెల్లు గాని, సన్న వెదురు గాని ఒక జానెడు తీసుకుని, కొనను ఏటవాలుగా కోసి, లోపలి బెండును గీకి, ములుకు నడిమిన ఒకటిన్నర సెంటీమీటర్ల చీలిక పెట్టాలి. చివరికి ములుకును అడ్డంగా ఒక్క కోత కోస్తే గీత అంచు శుభ్రంగా వస్తుంది. మన శ్రీకాళహస్తి కలంకారీ పనివారి కలమూ వెదురుదే, అయితే వారు దాని ములుకు పైన ఉన్ని గాని గుడ్డ గాని చుట్టి దారంతో కట్టి, రంగును అందులో పట్టి ఉంచి, వేళ్ళతో నొక్కుతూ వదులుతారు. అందుకే వారి గీత ఎడతెగకుండా సాగుతుంది.

రెల్లు కలంతో రెండు నిమిషాలు గీస్తే వాన్ గో గీతలు ఎందుకు పొట్టిగా ఉంటాయో చేతికి తెలుస్తుంది. ఒకసారి ముంచిన సిరా నాలుగైదు గీతలకే అయిపోతుంది. మొదటి గీత నల్లగా, చివరిది బూడిదరంగులో పొడిగా వస్తుంది. ఆయన వేగంలో స్వభావం ఎంత ఉందో, కలంలో సిరా నిలవకపోవడమూ అంత ఉందని నా అభిప్రాయం. కుడి పేజీలో మూడు సెంటీమీటర్ల గళ్ళు తొమ్మిది కట్టి, చిత్రంలో కనిపించిన తొమ్మిది రకాల గుర్తులను ఒక్కో గడిలో నింపండి. దగ్గరి నేలకు వాడిన గుర్తు దిగంతం చేరేసరికి ఎంత చిన్నదవుతుందో కొలిచి పక్కన రాయండి. ఆ తరవాత అవే తొమ్మిది గుర్తులతో మీ డాబా మీద నుంచి కనిపించే దృశ్యాన్ని నింపాలి, కొత్త గుర్తు ఒక్కటి కూడా కలపకూడదు. చింతచెట్టుకు ఏ గుర్తు, నీళ్ళ ట్యాంకుకు ఏ గుర్తు అని తేల్చుకోవడంలోనే సాయంత్రం గడిచిపోతుంది.

రంగు పాఠానికి ‘పడకగది’. 1888 అక్టోబరులో ఈ చిత్రం గురించి తమ్ముడు తియోకు రాసిన ఉత్తరంలో వాన్ గో వస్తువుల వారీగా రంగులు చెప్పుకొచ్చాడు. గోడలు లేత ఊదా, నేల ఎర్ర పలకలు, మంచం, కుర్చీలు తాజా వెన్నపూస పసుపు, దుప్పటి మెరిసే ఎరుపు, కిటికీ ఆకుపచ్చ, చేతులు కడుక్కునే బల్ల నారింజ, బేసిను నీలం, తలుపులు ఊదా. ఈ జాబితా ముందు పెట్టుకుని, చిత్రం చూడకుండా ఎడమ పేజీలో రంగుల నమూనాలు వేయండి. అప్పుడు చిత్రం తెరిస్తే గోడలు ఊదాగా ఉండవు, నీలంగా ఉంటాయి. మీరు తప్పు వేయలేదు. ఆయన కలిపిన ఎరుపు రంగు వెలుతురుకు వెలిసిపోయి, మిశ్రమంలో నీలం మాత్రం మిగిలింది.

కుడి పేజీలో చిత్రాన్ని 10 × 12.6 చట్రంలో నీటిరంగుతో వేయండి, గోడలు ఇప్పుడున్నట్టు నీలంగానే. పూర్తిగా ఆరాక చట్రం కుడి సగం మీద మాత్రం గోడలకు పలుచని ఎరుపు వాష్ ఒకటి వేయండి. వెంటనే ఆ సగంలో మంచం పసుపు మరింత వెచ్చగా, మరింత ముందుకు వచ్చినట్టు కనిపిస్తుంది. ఊదా, పసుపు ఎదురెదురు రంగులు కావడమే దానికి కారణం. ఆయన కోరుకున్నది ఎడమ సగంలోని నిబ్బరమా, కుడి సగంలోని వెచ్చదనమా అని నేను చాలాసేపు ఆలోచించిన పేజీ ఇది. వాష్ వేసేటప్పుడు కుంచెను ఒకే వైపు ఒక్కసారి లాగి వదిలేయాలి, రెండోసారి రుద్దితే కింది నీలం లేచి బురద అవుతుంది.

మన జర్నల్‌కూ ఇదే ముప్పు ఉంది. స్కెచ్ పెన్నులు, మెరుపు రంగుల హైలైటర్లు కొన్నాళ్ళకే వెలుస్తాయి. మీ దగ్గరున్న ప్రతి రంగునూ ఒక కాగితం పట్టీ మీద పూసి, సగాన్ని అల్యూమినియం రేకుతో కప్పి, ఎండ పడే కిటికీకి రెండు నెలలు అంటించి ఉంచండి. రేకు తీసినప్పుడు రెండు సగాలకూ తేడా కనిపించిన రంగులను పిల్లలకు ఇచ్చేయవచ్చు.

అమృతా షేర్‌గిల్ దగ్గర రాశులు

అమృతా షేర్‌గిల్ పారిస్‌లో చదువుకుని 1934లో దేశానికి తిరిగివచ్చింది. అజంతా చూసి, దక్షిణాదిన తిరిగివెళ్ళాక 1937లో వేసిన మూడు పెద్ద చిత్రాల్లో ‘బ్రహ్మచారులు’ ఒకటి. ఢిల్లీలోని జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాలలో ఉంది. తెల్లని పంచెలు కట్టుకున్న ఐదుగురు యువకులు ఎర్రమట్టి రంగు నేపథ్యం ముందు కూర్చుని ఉంటారు. ఇక్కడ ప్రశ్న రాశులది, అంటే చిత్రంలోని పెద్ద ఆకారాలది: ఐదు శరీరాలూ ఐదు పంచెలూ ఒక గుంపుగా ఎలా నిలిచాయి అన్నదే.

దీన్ని కుంచెతో చేయవద్దు, కాగితాలు చింపి చేయండి. ముఖాలు గీయడానికి భయపడేవారికి ఈ అభ్యాసం ఒక వరమే, ఎందుకంటే ఇందులో ముఖం అంటే బొటనవేలి గోరంత బ్రౌన్ పేపరు ముక్క. ముందు బల్లపరుపు కుంచెతో పేజీ మొత్తం ఎర్రమట్టి రంగు పూసి ఆరనివ్వాలి. శరీరాల కోసం బ్రౌన్ పేపరు, పాత కవరు, గోధుమరంగు పూసిన దినపత్రిక అని మూడు ఛాయలు తీసుకోవాలి. పంచెలకు చీరపెట్టెలోని పలుచని కాగితం, దినపత్రిక అంచులోని రాతలేని తెలుపు, నీటిరంగుల కాగితం తెలుపు పక్కపక్కన పెట్టి చూడండి. విడిగా మూడూ తెలుపే, కలిపి చూస్తే ఒకటి నీలి జీర, ఒకటి పసుపు బూడిద, ఒకటి పాలలా ఉంటాయి. ఆ చిత్రంలోని తెలుపు కూడా ఒక్క తెలుపు కాదని అప్పుడే కంటపడుతుంది.

చింపడంలో ఒక మెళకువ ఉంది. రంగు పూసిన కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని, కుడి చేతి ముక్కను మీ వైపు లాగుతూ చింపితే రెండు ముక్కల్లో ఒకదానికి తెల్లని పీచు అంచు వస్తుంది, రెండోదానికి రాదు. చేతిలో ఏ ముక్క మిగలాలో ముందే తేల్చుకుంటే ఆ పీచు అంచును కావాలనుకున్న చోట, అంటే వెలుగు తగిలే భుజం మీదో, పంచె మడత మీదో తెచ్చుకోవచ్చు. నేపథ్యంలో కలిసిపోవలసిన చోట పీచు లేని అంచు వాడాలి. ముక్కలన్నీ సర్ది, రెండడుగులు వెనక్కి జరిగి చూసి, ఫోన్‌తో ఫొటో తీసుకున్నాకే జిగురు ముట్టాలి. ఆ ఫొటో లేకపోతే ఫ్యాను గాలి ఒక్కసారి వీస్తే కథ మళ్ళీ మొదటికి వస్తుంది. ఆరాక బొగ్గుతో ఐదారు గీతలకు మించకుండా, ఒక మోకాలి వంపు, ఒక మెడ, ఒక జంధ్యం చూపించి వదిలేయండి.

కాగితం పని అనగానే ఫ్రెంచి చిత్రకారుడు మాటిస్ గుర్తుకువస్తాడు. 1941లో పెద్ద శస్త్రచికిత్స జరిగాక ఆయన క్రమంగా కత్తెర వైపు తిరిగాడు. సహాయకులు గువాష్ (చిక్కని నీటిరంగు) పూసి ఆరబెట్టిన కాగితాలను నేరుగా కత్తిరించి, గోడకు సూదులతో గుచ్చి, స్థానాలు మారుస్తూ చూసుకునేవాడు. సూదికి బదులు మాస్కింగ్ టేపు ముక్కలతో మనమూ అలా చేయవచ్చు. సులువుగా కనిపిస్తుంది కనుక అందరూ దీనితోనే మొదలుపెడతారు, నన్నడిగితే దీన్ని పుస్తకం చివరికి ఉంచాలి. వెలుగునీడలు, రాశులు కొంత చేతికి వచ్చాకే, పెన్సిలు గీత లేకుండా కత్తెర ఎటు తిప్పాలో తెలుస్తుంది.

అసలు చిత్రం ముందు

ముద్రణలోనూ తెర మీదా చూసినవి ఎన్ని చేసినా, పుస్తకంలో రెండు పేజీలైనా అసలు చిత్రం ఎదుట కూర్చుని మొదలుపెట్టినవి ఉండాలి. రాజమండ్రిలో దామెర్ల రామారావు చిత్రశాల అందుకు మంచి చోటు. 1897లో అదే ఊళ్ళో పుట్టి, అక్కడి ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాల్ కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివి, 1925లో మశూచితో ఇరవై ఎనిమిదో ఏటనే పోయిన ఆ చిత్రకారుడి నీటిరంగులను దగ్గర నుంచి చూడటం తెలుగువారికి దగ్గరలో ఉన్న గొప్ప అవకాశం. హైదరాబాదువారికి సాలార్‌జంగ్ మ్యూజియంలోని దక్కనీ సూక్ష్మచిత్రాలు ఉన్నాయి. లండన్‌లో ఉండేవారు ముందుగా సమయం తీసుకుంటే బ్రిటిష్ మ్యూజియం అధ్యయన గదిలో డ్రాయింగులను బల్ల మీద పెట్టి చూపిస్తారు. చికాగోవారికి ‘పడకగది’ రెండో ప్రతి ఊళ్ళోనే ఉంది.

వెళ్ళేటప్పుడు పెన్సిలు, చిన్న నోటుపుస్తకం తప్ప ఏమీ తీసుకువెళ్ళకండి. రంగు, సిరా, జిగురు సంచిలో కూడా వద్దు. గీసుకోవచ్చా అని లోపలికి వెళ్ళేటప్పుడే అడగండి. హాలంతా తిరగకుండా ఒక్క చిత్రం ముందు నలభై నిమిషాలు ఉండండి. తెర మీద కనిపించనివి మూడు ఇక్కడ చూడాలి: చిత్రం నిజమైన పరిమాణం మీ చేతులతో పోలిస్తే ఎంత, రంగు ఎక్కడ కాగితంలోకి ఇంకింది, ఎక్కడ పైన నిలిచింది, అంచుల్లో చిత్రకారుడు ఎక్కడ తొందరపడ్డాడు. రంగులను మాటల్లో రాసుకోండి, ‘పండిన తమలపాకు పసుపు’, ‘పాత ఇత్తడి చెంబు’ వంటి మాటలు ఏ ఫొటో కన్నా ఎక్కువ కాలం నమ్మకంగా ఉంటాయి. ఇంటికి వచ్చిన రోజు రాత్రే పేజీ వేయాలి, తెల్లవారితే సగం పోతుంది.

ఆరబెట్టడం, దాచడం

యాక్రిలిక్ వేసిన పేజీలు చేతికి ఆరినట్టు అనిపించినా, ఉక్కపోతలో ఒకదానికొకటి అంటుకుంటాయి. ఒక శ్రావణమాసంలో నా పుస్తకం పుస్తకాల మధ్య నెల రోజులు ఇరుక్కుపోయింది. తీసి తెరిస్తే, యాక్రిలిక్‌తో వేసిన పడకగది గోడ ఒకటి పట పటమంటూ లేచి, ఎదురు పేజీలోని ఒక బ్రహ్మచారి పంచె మీద నీలం ముక్కగా ఉండిపోయింది. అప్పటి నుంచి రెండు యాక్రిలిక్ పేజీలను ఎదురెదురుగా రానివ్వడం లేదు, తప్పనిసరి అయిన చోట మధ్యలో బటర్ పేపరు పెడుతున్నాను.

బొగ్గు, పొడి పాస్టెల్ పేజీల మీద పొడి రాలకుండా పట్టి ఉంచే ఫిక్సేటివ్‌ను అరచేయి దూరం నుంచి కాకుండా, కనీసం ఒక అడుగు దూరం నుంచి రెండు పలుచని పొరలుగా, కిటికీలు తెరిచి కొట్టాలి. పుస్తకాన్ని గోడకు ఆనిన షెల్ఫులో కాకుండా గాలి ఆడే చోట పడుకోబెట్టి ఉంచండి. చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు అట్ట లోపలి వైపు పెట్టి, వానాకాలంలో నెలకోసారి మార్చండి. వేపాకు పెట్టే అలవాటుంటే బాగా ఎండినదే పెట్టాలి, పచ్చిదైతే దాని తడి పేజీల్లోకి దిగుతుంది.